తొలిమాటల చెరువుగట్టు

పెళ్ళి కుదిర్చేటప్పుడు మన పెద్దలు ఎన్నో సంగతులు విచారిస్తారు. ఖాందాను, చదువు, సంపాదన, నమాజు అలవాటు, అప్పచెల్లెళ్ళ బాధ్యతలు అన్నీ ఆరా తీస్తారు. వలీమాకు ఎన్ని దేగ్‌ల బిర్యానీ వండించాలో, ఏ ఊరి నుంచి వంటవాళ్ళను పిలిపించాలో పదిసార్లు చర్చించుకుంటారు. కాని నికాహ్ అయిన మరునాటి నుంచి ఆ ఇద్దరూ ఎక్కడ కూర్చొని మాట్లాడుకుంటారన్న ప్రశ్న చాలా ఇళ్ళలో ఎవరికీ తట్టదు. ఒకే కప్పు కింద ఉంటారు కదా, వాళ్ళే మాట్లాడుకుంటారులే అనుకుంటారు. ఆ కప్పు కింద ఇంకా ఎంతమంది ఉంటారో లెక్కవేసేవారు తక్కువ.

మేమిద్దరం కలిసి రాస్తున్న మాటలివి. భార్యాభర్తలుగా ముప్ఫై ఏళ్ళ కాపురం చేసినవాళ్ళం కనుక చాలా సంగతులు మాకు ఉమ్మడి జ్ఞాపకాలే. ఒకరి గురించి విడిగా చెప్పవలసి వచ్చినచోట ‘ఆమె’ అనీ, ‘ఆయన’ అనీ రాస్తాము. పేర్లతో పని లేదు. మా వంటి కథ ఈ పత్రిక చదివే ఎన్నో ఇళ్ళలో జరిగి ఉంటుంది.

మాది ఏన్కూరు. తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. ఒక వైపు మిర్చి, పత్తి చేలు, మరొక వైపు కొంత దూరం పోతే అడవి. 2016లో జిల్లాలను విభజించినప్పుడు పొరుగున ఉన్న జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి పోయింది, మా ఏన్కూరు ఖమ్మంలోనే మిగిలింది. ఇటు భద్రాచలం అడవికీ అటు ఖమ్మం బజారుకూ మధ్య బతికే ఊరు. ఇక్కడి ముస్లిం కుటుంబాలలో ఉర్దూ, తెలుగు ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి.

1996 మార్చిలో, రమజాన్ ముగిసి షవ్వాల్ నెల నడుస్తుండగా మా నికాహ్ జరిగింది. కల్లాలలో మిర్చి ఎర్రగా ఆరుతున్న రోజులు. పంట అమ్మితేనే చేతికి డబ్బు వస్తుంది కాబట్టి మా వైపు చాలా పెళ్ళిళ్ళు ఆ రోజుల్లోనే జరిగేవి. మహర్ 11,000 రూపాయలని పెద్దలు నిర్ణయించారు. 5,000 నికాహ్ రోజునే ఆమె చేతికి అందింది. మిగిలిన 6,000 తర్వాత చెల్లించాలని రాసుకున్నారు.

ఇల్లు రెండు గదులు, ముందొక వసారా. అందులో తొమ్మిది మందిమి. చెల్లెళ్ళు ఇద్దరికీ వదిన అంటే ఎంత ముచ్చటో, కొంగు పట్టుకొని వదిలేవారు కారు. అత్తమ్మ మంచిదే. పక్క గదిలో నిద్ర పట్టక దగ్గుతూ ఉండేది. గోడ పల్చన. పెళ్ళయిన పదిహేను రోజులలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళు చాలు. “నీళ్ళు”, “తువ్వాలు”, “దీపం తగ్గించనా?” అంతే. ఎవరూ మాట్లాడవద్దని చెప్పలేదు. మాట్లాడే చోటు లేకపోయింది, అంతే.

ఒక మేనత్త చేసిన మేలు

పెళ్ళి తర్వాత బంధువుల ఇళ్ళకు దావత్‌లకు వెళ్ళడం మనలో ఆనవాయితీ. ఆయన మేనత్త హైదరాబాదులో ముషీరాబాదులో ఉండేవారు. ఏప్రిల్ మొదటి వారంలో ఆమె కబురు పంపారు. ఏన్కూరులో తెల్లవారుజామున బస్సు ఎక్కి, వైరా మీదుగా ఖమ్మం చేరి, అక్కడ గోల్కొండ ఎక్స్‌ప్రెస్ పట్టుకొని సికింద్రాబాదులో దిగాము. ఆమెకు హైదరాబాదు చూడడం అదే మొదటిసారి. రైలులో కూడా మాతోపాటు ఊరి పెద్దమనిషి ఒకాయన తోడు వచ్చారు. కిటికీ పక్కన కూర్చొని ఇద్దరం బయటికి చూస్తూనే గడిపాము.

మధ్యాహ్న భోజనాలయ్యాయి. అస్ర్ నమాజు తర్వాత మేనత్త ఆయనను పిలిచి, “దుల్హన్‌ను తీసుకొని టాంక్‌బండ్ దాకా వెళ్ళి రండి” అన్నారు. ఆ మాట వినగానే ఇంట్లోని నలుగురు పిల్లలూ చెప్పులు వేసుకొని గుమ్మంలో నిలబడ్డారు. కొత్త జంట వెంట పిల్లలను పంపడం మన ఇళ్ళలో తెలిసిన సంగతే. కాపలాకు కాపలా, సరదాకు సరదా. కాని మేనత్త గుమ్మానికి అడ్డంగా నిలిచి, “మీరెవ్వరూ కదలడానికి లేదు, నేను మీకు ఖుబానీ మీఠా పెడతాను” అన్నారు. చిన్నవాడు ఏడ్చాడు. ఆమె వాడిని ఎత్తుకొని లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు.

ఆ తలుపు వేసిన చప్పుడు మాకు ఈ రోజుకూ జ్ఞాపకం ఉంది. బడి చదువు అంతగా లేని ఆ మనిషికి తెలిసినంత మర్మం చాలామంది చదువుకున్నవారికి తెలియదు. మాకు ఆమె బంగారం పెట్టలేదు, పట్టుచీర పెట్టలేదు. రెండు గంటల ఏకాంతం ఇచ్చారు.

నాలుగు వందల ఏళ్ళ గట్టు

హుస్సేన్‌సాగర్ గురించి ఈ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో హజ్రత్ హుస్సేన్ షా వలీ తవ్వించిన చెరువు అది. ఊరికి నీటి కోసం కట్టిన గట్టు. ఆ ఇబ్రహీం కుతుబ్‌షానే తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. ఒక రాజుకూ ఒక సూర్యపుత్రికకూ కుదిరిన పెళ్ళి కథ అది. అలాంటి రాజు కాలంలో వెలసిన గట్టు తర్వాతి కాలంలో కొత్త దంపతులు మాట్లాడుకునే చోటు కావడం మాకు ముచ్చటగా తోస్తుంది.

మేము వెళ్ళేనాటికి గట్టు వెంట తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరుసగా నిలిచి ఉన్నాయి. నీటి నడుమ బుద్ధుడి ఏకశిలా విగ్రహం కొత్తగా మెరుస్తూ ఉంది. 1990లో దానిని చెరువులోకి తరలిస్తుండగా పడవ ఒరిగి విగ్రహం నీటిలో మునిగిపోయింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా నీటి అడుగునే ఉండిపోయిన విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. అప్పటికింకా రోడ్డు మీద డబుల్ డెక్కర్ బస్సులు తిరుగుతుండేవి. ఏన్కూరు నుంచి వచ్చిన కళ్ళకు అవి కదిలే మేడల్లాగా కనిపించాయి.

విగ్రహాల కింద పేర్లు చదువుకుంటూ నడిచాము. మాట కలపడానికి అది మంచి సాకు అయింది. రామదాసు విగ్రహం దగ్గర ఆమె ఆగింది. ఆమె పుట్టినిల్లు భద్రాచలం వైపు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో గడిపిన కథ మా ప్రాంతంలో పిల్లలకు సైతం తెలుసు. అదే వరుసలో తానీషా విగ్రహం కూడా ఉంది. శిక్ష వేసిన ప్రభువూ శిక్ష పడిన భక్తుడూ ఒకే గట్టు మీద నిలబడి చెరువును చూస్తున్నారు. భద్రాచలంలో ఏటా జరిగే కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతో మొదలైందని మా వైపు అందరూ చెప్పుకుంటారు. “పెళ్ళికి ముత్యాలు పంపిన సుల్తాను” అని ఆమె అన్నది. పెళ్ళయ్యాక ఆమె ఆయనతో పలికిన మొదటి పూర్తి వాక్యం అదే.

పొట్లం కాగితం

గట్టు పిట్టగోడ మీద కూర్చున్నాము. మధ్యలో ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలాము. ఆయన వేయించిన పల్లీలు కొన్నారు. పొట్లం కట్టిన కాగితం ఏదో బడి పిల్లవాడి నోటుపుస్తకంలోనిది. పల్లీలు అయిపోయాక ఆమె ఆ కాగితాన్ని మోకాలి మీద పరచి చదవసాగింది. ‘వ్యవసాయం’ అనే మాటను పిల్లవాడు తప్పుగా రాశాడు. ఆమె ఏమీ అనకుండా గోటితో దాని కింద గీత గీసింది, పక్కన ఒత్తు సరిచేసినట్టు చూపుడు వేలితో రాసింది.

ఆయన అది గమనించి, “మీరు చదువు చెప్పాలనుకుంటున్నారా?” అని అడిగారు.

ఆ రోజున ఇద్దరం ఒకరినొకరు ‘మీరు’ అనే పిలుచుకున్నాము. ఆమె ఇంటర్మీడియట్ పూర్తి చేసిందని పెద్దలు చెప్పారు. ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళాలన్న కోరిక ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పే సందర్భం రాలేదు. ఆమె అవునన్నది. ఆయన వెంటనే మాట ఇవ్వలేదు. “రెండు పంటలు చేతికి రావాలి. ఇద్దరు చెల్లెళ్ళున్నారు. ఖమ్మంలో అడ్తీ దుకాణంలో మనకు అప్పు ఉంది” అని ఎంత ఉందో అంకెతో సహా చెప్పారు. ఆ అంకె ఇంట్లో ఆయనకూ ఆయన తండ్రికీ తప్ప మరెవరికీ తెలియదు. “మనకు అప్పు ఉంది” అన్నప్పుడు ఆ ‘మనకు’ అన్న మాట దగ్గర ఆమె తల ఎత్తి చూసింది.

కొంతసేపటి తర్వాత ఆమె తన మాట చెప్పింది. అంతకు రెండేళ్ళ ముందు ఆమెకు మరొకచోట మంగ్నీ అయింది. నికాహ్ తేదీ కూడా అనుకున్నాక అవతలివారు స్కూటరూ నగదూ అడిగారు. ఆమె తండ్రి ఇవ్వనన్నారు. సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత ఊరి జనం, అవతలివారి దురాశ సంగతి పక్కనబెట్టి, అమ్మాయిలో ఏం లోపముందో అని గుసగుసలాడారు. మా సంబంధం వచ్చినప్పుడు ఈ సంగతి ముందే చెప్పమని ఆమె తల్లిదండ్రులను వేడుకొన్నది. పాత కథ ఎందుకులే అని పెద్దలు చెప్పలేదు.

ఆమె చెప్పడం ముగించేసరికి ఒక డబుల్ డెక్కర్ మా వెనుక నుంచి వెళ్ళింది. గట్టు అదిరింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ కొద్ది నిమిషాలలో తన కాపురం ఏ వైపు తిరుగుతుందో తెలియక చీర అంచును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయానని ఆమె తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. ఆయన చివరకు ఒక్క ప్రశ్న అడిగారు.

“ఆ రోజు మీ నాన్నగారు అన్నం తిన్నారా?”

ఆమె ఏడ్చింది. ఆ సంబంధం తప్పిన రోజున తన గురించి అడిగినవారు చాలామంది ఉన్నారు. తన తండ్రి గురించి అడిగిన మొదటి మనిషి ఆయనే. తండ్రి ఆ రాత్రి తినలేదనీ, ఫజ్ర్ నమాజుకు వెళ్ళి చాలా ఆలస్యంగా తిరిగి వచ్చారనీ ఆమె చెప్పింది. ఆయన మరేమీ అడగలేదు. ఊరికి తిరిగి వెళ్ళాక నేరుగా అత్తవారింటికి వెళ్ళి, మామగారి పక్కన కూర్చొని ఒక పూట భోజనం చేసి వచ్చారు. ఎందుకు వచ్చారో ఆయన చెప్పలేదు. మామగారికి అర్థమైందని మా నమ్మకం.

మేము అలా కూర్చుని ఉండగానే గస్తీ తిరిగే కానిస్టేబులు ఒకాయన వచ్చి, “భార్యాభర్తలేనా?” అని అడిగారు. ఆమె ఏమీ మాట్లాడకుండా రెండు అరచేతులూ తెరిచి చూపింది. మెహందీ ఇంకా పోలేదు. ఆయన నవ్వి, ఏ ఊరని అడిగారు. ఏన్కూరు అన్నాము. అదెక్కడ అన్నారు. కొత్తగూడెం దారిలో అన్నాము. “చీకటి పడితే బస్సులు కిక్కిరిసిపోతాయి, ముందే కదలండి” అని చెప్పి వెళ్ళిపోయారు. మగ్రిబ్ అజాన్ దూరం నుంచి వినిపించింది. గట్టు దిగువన పచ్చిక మీద రుమాలు పరచుకొని నమాజు చేసుకొని ముషీరాబాదుకు తిరిగి వచ్చాము.

మిగిలిన 6,000 మహర్ ఆయన రెండు మిర్చి పంటల తర్వాత ఆమె చేతిలో పెట్టారు. ఇంటికి మూడో గది వేయాలని అనుకుంటున్న సమయమది. అయినా ముందు మహర్ చెల్లించారు. అది ఆమె హక్కు, ఆమె ఇష్టం. ఆ డబ్బుతోనే ఆమె ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా మా ప్రాంతపు పిల్లలకు ఒత్తులు దిద్దింది.

ఇద్దరికీ ఒక చోటు

మా కథను గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ సాయంత్రం ఆ రెండు మాటలూ బయటపడకపోతే ఏమయ్యేదని మేము తరచు ఆలోచిస్తాము. మంగ్నీ సంగతి మూడో మనిషి నోట ఆయన చెవిన పడేది. అప్పు సంగతి అడ్తీదారు మనిషి ఇంటి ముందు నిలబడినప్పుడు ఆమెకు తెలిసేది. రెండు నిజాలూ అవే, వాటిని వినే చెవులు మాత్రం వేరేగా ఉండేవి. కాపురంలో చాలా తగాదాలకు కారణం నిజం కాదు, అది వచ్చిన దారి అని ఇన్నేళ్ళ అనుభవం మాకు నేర్పింది.

దివ్యఖుర్ఆన్‌లో రూమ్ సూరా 21వ వాక్యం దాంపత్యాన్ని అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొంటూ, ప్రశాంతతను, ప్రేమను, కరుణను ప్రస్తావిస్తుంది. ప్రశాంతతకు కొంత చోటు కావాలి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారనీ, మొదటిసారి ఆమె గెలిచారనీ, కొన్నేళ్ళ తర్వాత ఆయన గెలిచి పాత లెక్క సరిపోయిందని చమత్కరించారనీ హదీసు గ్రంథాలలో ఉంది. పండుగనాడు మస్జిదు ఆవరణలో హబషీలు ఈటెల విన్యాసాలు చేస్తుంటే, ఆమె విసుగు చెందేవరకూ ఆయన అడ్డుగా నిలిచి చూపించారని కూడా ఉంది. భార్యతో కలిసి బయటికి వెళ్ళడం, కలిసి ఒక వేడుక చూడడం మన ధర్మానికి పరాయి సంగతులు కావు. మన ఇళ్ళలోనే అవి అరుదయ్యాయి.

నికాహ్‌కు ముందు మాట సంగతి వేరు. అక్కడ హద్దులున్నాయి. అయినా ఒకరినొకరు చూడకుండా, ఒక్క మాట మాట్లాడకుండా పెళ్ళి చేయాలని ఎవరూ చెప్పలేదు. పెళ్ళి సంబంధం మాట్లాడుకున్న ముగీరా బిన్ షూబా (రజి)ను, అమ్మాయిని చూశావా అని ప్రవక్త (స) అడిగారు. లేదనగానే వెళ్ళి చూడమన్నారు, ఇద్దరి మధ్య అనురాగం నిలవడానికి అది మంచిదన్నారు. చాటుమాటు కలయికలు వద్దు, పెద్దల ఎరుకలో మర్యాదగా మాట్లాడుకోవచ్చు అన్నది ఇందులోని మార్గం.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. 2022లో ఆమెకు ఒక సంబంధం వచ్చింది. “అబ్బాయితో నేను మాట్లాడాలి, మీరు దగ్గరే ఉండండి” అన్నది. ఇంట్లో అయితే చుట్టాల మధ్య ఎవరూ నోరు విప్పరు. అందుకని ఖమ్మంలో లకారం చెరువు గట్టుకు రెండు కుటుంబాలూ కలిసి వెళ్ళాము. ఇప్పుడు అక్కడ గట్టు బాగుచేసి, నడకదారి వేసి, తీగల వంతెన కట్టారు. వాళ్ళిద్దరూ ఒక బల్ల మీద, మేము, వియ్యాలవారు కాబోయేవారు రెండు బల్లల అవతల. నలుగురు పెద్దలమూ చెరువులో ఏదో వింత ఉన్నట్టు నీటి వైపే చూస్తూ అరగంట కూర్చున్నాము. అబ్బాయి తల్లి మెల్లగా, “వదినగారూ, మన కాలంలో ఇది ఉంటే నేను మీ అన్నయ్యగారిని ఎన్ని అడిగేదాన్నో” అన్నారు. అందరమూ నవ్వాము, ఆయనతో సహా.

మా అమ్మాయి మూడు సంగతులు అడిగిందట. ఉద్యోగం కొనసాగించడం, మహర్ ఎప్పుడు చెల్లిస్తారన్నది, అత్తమామలతో ఉండాలా వేరుగానా అన్నది. అబ్బాయి ఒక్కటే అడిగాడట, కోపం వస్తే మాట్లాడకుండా ఉంటావా, మాట్లాడేస్తావా అని. సంబంధం కుదిరింది. కుదరకపోయినా నష్టం లేదని ముందే రెండు కుటుంబాలమూ అనుకున్నాము. అరగంట మాటతో ఆగిపోయిన సంబంధం, మంగ్నీ తర్వాత ఆగిపోయే సంబంధం కంటే వెయ్యి రెట్లు నయం. ఈ మాట విలువ మా ఇంట్లో ఆమెకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

గట్లు, తోటలు, గేట్లు

పట్టణాలలో ఇలాంటి చోట్లకు ఉన్న విలువను పాలకులూ పెద్దలూ గుర్తించాలి. విశాఖలో రామకృష్ణా బీచ్, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ, హైదరాబాదులో టాంక్‌బండ్, ఖమ్మంలో లకారం. కొత్తగా పెళ్ళయిన కూలి మనిషికైనా, ఉద్యోగికైనా హోటలులో కూర్చొని గంట మాట్లాడుకునే స్తోమత ఉండదు. టాంక్‌బండ్ పిట్టగోడకు టిక్కెట్టు లేదు. వందల మంది కళ్ళ ముందు ఉంటాము కనుక హద్దు దాటే భయం లేదు. ఎవరికీ మనం తెలియము కనుక మాట వినబడుతుందన్న బెరుకూ లేదు. మర్యాదా, ఏకాంతమూ ఒకేచోట దొరకడం అరుదు.

2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు వద్ద పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానరు కట్టారు. విమర్శలు రాగానే తొలగించారు. యువతీయువకుల విచ్చలవిడితనాన్ని మేమూ హర్షించము. కాని గేటు దగ్గర నిలబడి ఎవరు దంపతులో ఎవరు కాదో తేల్చడం మొదలైతే, చేతుల మెహందీ ఆరిపోయిన పేద దంపతులు ఏ కాగితం చూపించాలి? ఫిబ్రవరి 14 వచ్చిందంటే పార్కులలో జంటలను నిలేసే గుంపులు కూడా మనం చూస్తున్నవే. హద్దులు నేర్పవలసింది ఇంట్లో, చిన్ననాటి నుంచి. రోడ్డు మీద అవమానించి నేర్పేది హద్దు కాదు. ఆడపిల్లలను వేధించేవారి సంగతి వేరు. వారికోసం 2014 అక్టోబరు నుంచి షీ టీమ్స్ పనిచేస్తున్నాయి. అవి చేసే పని వేరు, దంపతులను అనుమానించడం వేరు.

టాంక్‌బండ్ కూడా మారింది. 2021 నుంచి కొన్ని ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపి జనాన్ని నడవనిచ్చారు. 2023లో డబుల్ డెక్కర్ బస్సులు విద్యుత్తుతో నడిచేవి తిరిగి వచ్చాయి. మా పిల్లలు వాటిలో ఎక్కి ఫోటోలు పంపారు. ఫోటోలో చాలామంది జంటలు కనిపించారు. సగం మంది పక్కపక్కనే కూర్చొని ఎవరి ఫోను వారు చూసుకుంటున్నారు. మా కాలంలో చోటు లేక మాట లేదు. ఇప్పుడు చోటుండీ మాట లేకపోతే దానికి గట్టు ఏం చేస్తుంది?

అందుకే మా కుటుంబంలో ఒక చిన్న ఆచారం పెట్టుకున్నాము. ఎవరి పెళ్ళయినా వలీమా మరునాడు కొత్త జంటకు ఒక కవరు ఇస్తాము. అందులో రానూపోనూ బస్సు చార్జీలు, పల్లీలకు సరిపడా చిల్లర ఉంటాయి. ఖమ్మం వెళ్తారో, భద్రాచలంలో గోదావరి ఒడ్డుకు వెళ్తారో, హైదరాబాదు వెళ్తారో వాళ్ళ ఇష్టం. రెండు షరతులు మాత్రం పెడతాము. ఫోన్లు ఇంట్లోనే వదిలి వెళ్ళాలి. తాము చెప్పాలనుకుని చెప్పలేకపోయిన ఒక్క సంగతైనా ఒకరికొకరు చెప్పుకొని రావాలి. ఏం చెప్పుకున్నారో మేము అడగము.

పాఠక సోదరీ సోదరులారా, మీ ఇంట్లోనూ త్వరలో నికాహ్ ఉండవచ్చు. జహేజ్ వద్దని గట్టిగా నిలబడండి, మహర్ సంతోషంగా చెల్లించండి, విందు వీలైనంత సాదాగా చేయండి. వీటితోపాటు, కొత్త కోడలు ఇంట అడుగుపెట్టిన మొదటి వారంలో ఒక సాయంత్రం కొడుకునూ కోడలినీ నడకకు పంపండి. వెంట వెళ్తామని పిల్లలు మారాం చేస్తే, వాళ్ళను కాసేపు మీ దగ్గర కూర్చోబెట్టుకొని ఏదైనా తీపి పెట్టండి.